పెద్దాయన వెళ్లిపోయాక

పొలం పోయినా కుంగిపోకుండా అంతస్తు మీద అంతస్తు లేపి ఇంటిని నిలబెట్టిన తరం ఢిల్లీలోని జియా సరాయ్ నుంచి ఒక్కొక్కరుగా సెలవు తీసుకుంటోంది. వారి కష్టార్జితం ఇప్పుడు వారసుల చేతుల్లో పరీక్షకు నిలిచింది.

ఐఐటీ ఢిల్లీ పక్కనుంచి జియా సరాయ్‌లోకి అడుగుపెడితే ముందుగా పలకరించేవి కోచింగ్ బోర్డులు. ఫిజిక్స్ నెట్, గేట్, జామ్, ఇంజినీరింగ్ సర్వీసెస్. తర్వాత జిరాక్స్ దుకాణాలు, పాత పుస్తకాల గుట్టలు, టీ బడ్డీలు. తలెత్తితే ఆకాశానికి అడ్డంగా అల్లుకుపోయిన కరెంటు తీగలు. ఇద్దరు పక్కపక్కన నడవలేని సందుల్లో భుజాన సంచులతో కుర్రాళ్లు. ఇది నిజానికి ఒక పల్లెటూరని గుర్తుచేసే మనిషి ఒకప్పుడు గుమ్మం గుమ్మానికీ కనిపించేవాడు. నులక మంచం, పక్కన హుక్కా, తెల్లటి ధోవతి, జేబులో తాళాల గుత్తి. ఇప్పుడు ఆయన కోసం వెతకాలి.

సివిల్స్ అనో, ఇంజినీరింగ్ సర్వీసెస్ అనో, జేఆర్‌ఎఫ్ అనో తెలుగు నేల నుంచి ఇక్కడికి వచ్చిపడిన కుర్రాళ్లకు ఢిల్లీలో తొలి పరిచయం ఆయనతోనే. గది చూపించేదీ ఆయనే, అడ్వాన్సు నోట్లు వేలికి తడి అద్దుకుని లెక్కపెట్టుకునేదీ ఆయనే, రాత్రి పదింటికి నీళ్ల మోటారు కట్టేసేదీ ఆయనే. పేరు తెలిసినవాళ్లు తక్కువ. ఎదురుపడితే 'తాఊజీ', కాస్త భయముంటే 'చౌధరీ సాబ్'. తెలుగువాళ్లు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు మాత్రం 'ముసలాయన'. పిసినారి అని తిట్టుకున్నవారే పరీక్ష పాసై వెళ్తూ మిఠాయి పొట్లంతో ఆయన కాళ్లకు దణ్ణం పెట్టేవారు.

1930లలో, 40లలో పుట్టిన ఆ తరంలో ఇప్పుడు మిగిలినవాళ్లు తక్కువ. ఒక్కో ఇంట్లో ఒక్కో పెద్ద దిక్కు కూలుతుంటే ఆ ఇళ్లకు ఎదురవుతున్న ప్రశ్న ఒకటే: ఆయన కష్టం ఎవరిది? జవాబు అంత సులువు కాదు. కాగితాల దగ్గరకు వస్తే అది మరింత చిక్కుముడి.

పొలం పోయిన నాడు

సరాయ్ అంటే సత్రం. బాటసారులు బసచేసిన రోజులను గుర్తుచేసే పేర్లు దక్షిణ ఢిల్లీలో చాలానే ఉన్నాయి. కాలూ సరాయ్, బేర్ సరాయ్, కట్వారియా సరాయ్, లాడో సరాయ్, వాటి సరసనే జియా సరాయ్. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఇవన్నీ నగరానికి దూరంగా గోధుమ, సజ్జ పండించుకుంటూ గేదెలు మేపుకుంటున్న ఊళ్లు. దేశ విభజనతో లక్షలాది కాందిశీకులు వచ్చిపడటంతో నగరం ఒళ్లు విరుచుకుంది. దానికి కావలసిన నేల ఈ ఊళ్ల దగ్గరే ఉంది.

1959 జనవరి 28న ఎలిజబెత్ రాణి భర్త ప్రిన్స్ ఫిలిప్ హౌజ్ ఖాస్ వద్ద ఇంజినీరింగ్ కళాశాలకు శంకుస్థాపన చేశారు. 1961లో మొదలైన ఆ కళాశాలే 1963లో ఐఐటీగా మారింది. దాదాపు 320 ఎకరాల ప్రాంగణం. ఆ తర్వాత 1969లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం వచ్చింది. అది దాదాపు 1,000 ఎకరాలు. దేశానికి ఇంజినీర్లను, ఆర్థికవేత్తలను, విదేశాంగ మంత్రులను అందించిన ఆ తరగతి గదులు లేచింది చుట్టుపక్కల గ్రామాల పొలాల మీదే. ఈ సంగతి ఆ సంస్థల్లో చదివినవారిలో ఎంతమందికి గుర్తుందో అనుమానమే.

ఢిల్లీ చుట్టూ జరిగిన భూసేకరణ వైనం ఒకసారి గుర్తుచేసుకుంటే ఆ తరం మనసులో మిగిలిన చేదు అర్థమవుతుంది. నగరాన్ని ప్రణాళికాబద్ధంగా పెంచుతామంటూ 1959 నవంబరు 13న ప్రభుత్వం ఒక్క నోటిఫికేషన్‌తో 34,070 ఎకరాల మీద చెయ్యి వేసింది. 1894 నాటి భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం లెక్కగట్టేది భూమి చేజారిన నాటి ధరతో కాదు, తొలి నోటిఫికేషన్ వెలువడిన నాటి ధరతో. అంటే తుది ప్రకటన 1966లో వచ్చినా రైతు చేతికందేది 1959 నాటి రేటు. మధ్యలో ఏడేళ్లు ఆ భూమి ఆయనది అవునూ కాదు, కాదూ అవును. సుప్రీంకోర్టుకు వెళ్లిన రైతులకు 1974లో అక్కడా నిరాశే ఎదురైంది.

పాతికేళ్ల వయసులో నాగలి చేతిలోంచి జారిపోయిన మనిషి ఏం చేస్తాడు? చదువు అంతంతమాత్రం. తెలిసిన విద్య సేద్యమే. పరిహారం డబ్బులు కొందరికి పెళ్లిళ్లలో, ఇంకొందరికి తాగుడులో కరిగిపోయాయి. ఢిల్లీ చుట్టుపక్కల ఊళ్లన్నింటిలోనూ ఈ కథ ఉంది. నిలదొక్కుకున్నవారు మాత్రం దొరికిన ప్రతి పనీ చేశారు. గేదెలు పెంచి కొత్తగా వెలిసిన కాలనీలకు పాలు పోశారు. తమ పొలంలోనే లేచిన భవనాల దగ్గర కాపలాదారులుగా, తోటమాలులుగా కుదిరినవారున్నారు. బస్సులు నడిపినవారు, ఇటుకలు, ఇసుక తోలినవారు ఉన్నారు. నిన్నటిదాకా తనదైన నేల చుట్టూ కట్టిన గోడకు ఇవతల కాపలా కాయడం ఎలాంటి అనుభవమో ఆ తరం బయటికి చెప్పుకున్నది తక్కువ. రాజనీతిశాస్త్ర పుస్తకాల్లో దీన్ని 'అభివృద్ధి వల్ల నిర్వాసిత్వం' అంటారు. కానీ ఇక్కడ నిర్వాసితులెవరూ ఊరు విడిచిపోలేదు. ఊరే వాళ్ల కాళ్ల కింది నుంచి జరిగిపోయింది.

అంతస్తుకో కథ

పొలం తీసుకున్న ప్రభుత్వం ఇళ్లను మాత్రం ముట్టుకోలేదు. దానికి కారణం బ్రిటిషువాళ్ల కాలం నాటి ఒక గీత. 1908లో ఢిల్లీ ప్రాంతంలో రెవెన్యూ సెటిల్‌మెంట్ చేసినప్పుడు పటంలో ప్రతి ఊరి నివాస ప్రాంతం చుట్టూ ఎర్ర సిరాతో ఒక గీత గీశారు. అదే 'లాల్ డోరా', ఎర్ర దారం. గీత బయట ఉన్నది శిస్తు కట్టాల్సిన పొలం, లోపల ఉన్నది ఇళ్లూ, పశువుల కొట్టాలూ. తెలుగు పాఠకులకు ఒక్క మాటలో చెప్పాలంటే గ్రామకంఠం. మన దగ్గరా గ్రామకంఠానికి పట్టాలుండవు. తాత కట్టాడు, తండ్రి ఉన్నాడు, కొడుకు ఉంటున్నాడు, అంతే.

1963 ఆగస్టు 24 నాటి నోటిఫికేషన్‌తో లాల్ డోరాలోని ఇళ్లకు భవన నిర్మాణ నిబంధనల నుంచి మినహాయింపు వచ్చింది. పశువుల పాకకు, ధాన్యపు కొట్టుకు ప్లాన్ మంజూరు ఎందుకన్నది అప్పటి ఉద్దేశం. ఆ పాకల స్థానంలో నాలుగంతస్తులు లేస్తాయని ఆనాడు ఎవరూ ఊహించలేదు. పొలం పోగొట్టుకున్న రైతుకు మిగిలిన ఏకైక సాగుభూమి అదే. అందులో ఆయన గదులు పండించాడు. ఈ మాటలో కొంత వెటకారం ధ్వనించవచ్చు గానీ వాస్తవం అదే.

ఈ ఇళ్లు ఒక్కసారిగా లేచినవి కావు. పట్టా లేని స్థలానికి బ్యాంకు అప్పు పుట్టదు. కాబట్టి చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా ఒక గది, ఇంకాస్త ఆడితే ఒక అంతస్తు. పరిహారం డబ్బుతో పడిన పునాది, గేదెలు అమ్మితే వచ్చిన పై వాటా, కింది గదుల అద్దెలతో లేచిన మరో వాటా. మేస్త్రీ పక్కన నిలబడి ఇటుకలందించి, గోడలకు నీళ్లు కొట్టి, ఇనుము తూకం దగ్గర దుకాణదారుతో గొడవపడి కట్టించుకున్న ఇళ్లివి. మెట్లు సమానంగా లేకపోవడానికి, ఒక అంతస్తు గోడ మరో అంతస్తు గోడ మీద సరిగా కూర్చోకపోవడానికి, కిటికీ ఉండాల్సిన చోట పక్కింటి గోడ ఉండటానికి కారణమూ అదే. ఇంజినీరింగ్‌లో దేశంలోనే పేరుమోసిన సంస్థకు కూతవేటు దూరంలో ఇంజినీరు చెయ్యి పడని ఇళ్లు!

ఈ కష్టాన్ని పెద్దాయన ఖాతాలోనే జమ చేయడం న్యాయం కాదు. తెల్లవారుజామున లేచి గేదెల పేడ ఎత్తింది, పాలు పితికింది, పిడకలు కొట్టింది, గదులు ఊడ్చింది, జ్వరమొచ్చిన అద్దె కుర్రాడికి కిచిడీ పంపింది ఆ ఇంటి పెద్దావిడ. ఘూంఘట్ చాటున ఉన్న ఆమె ముఖాన్ని మూడేళ్లు అద్దెకున్న కుర్రాడు కూడా సరిగా చూసి ఉండడు. హుక్కా చుట్టూ కూర్చుని ఇంటి పెద్ద ఎంత కష్టజీవో చెప్పుకొనే సంతాప సభలో ఆమె ప్రస్తావన సాధారణంగా ఒక్క వాక్యం.

1990ల తర్వాత ఈ ఇళ్ల దశ తిరిగింది. ఐఐటీ, జేఎన్‌యూల నీడన కోచింగ్ పరిశ్రమ ఊపందుకోవడంతో జియా సరాయ్ గది దేశమంతటికీ అవసరమైంది. హాస్టల్‌లో చోటు దొరకని పరిశోధక విద్యార్థులు, ఉద్యోగం మానేసి చివరి ప్రయత్నం చేస్తున్న ఇంజినీర్లు, ప్రతి నెలా ఇంటి నుంచి వచ్చే డబ్బు కోసం ఎదురుచూసే నిరుద్యోగులు. వీరిలో తూర్పు గోదావరి నుంచో వరంగల్ నుంచో వచ్చిన కుర్రాడు ఇచ్చే అద్దె కూడా ఎక్కడో ఒక తండ్రి చెమటే. ఎకరం పొలం కౌలుకిచ్చి, తాకట్టు పెట్టి పంపిన డబ్బు పొలం పోగొట్టుకున్న మరో రైతు జేబులోకి చేరేది. ఆ సంగతి ఇద్దరికీ తెలిసే అవకాశం లేదు.

పదమూడో రోజు పగడీ

ఉత్తరాది గ్రామాల్లో ఇంటి పెద్ద చనిపోతే పదమూడో రోజున 'తెరహ్వీ' జరుపుతారు. మన పెద్దకర్మ లాంటిదే. ఆ రోజు జరిగే ముఖ్యమైన తంతు 'రస్మ్ పగడీ'. బంధువులు, ఊరి పెద్దల సమక్షంలో పెద్ద కొడుకు తలకు పాగా చుడతారు. ఇక ఇంటి బరువు నీదని చెప్పడమన్నమాట. తండ్రి చేసిన అప్పు, ఇచ్చిన మాట, పెళ్లి కావాల్సిన చెల్లెలు, ఊరి పంచాయతీలో చోటు, అన్నీ ఆ పాగాతో పాటే వస్తాయి.

ఈ పాగా బరువు ఎంతో చెప్పడానికి ప్రజాజీవితంలోనే ఒక ఉదాహరణ ఉంది. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని సిసౌలీలో మహేంద్ర సింగ్ టికాయత్‌కు తండ్రి పోయేనాటికి ఎనిమిదేళ్లు. ఆ వయసులోనే బాలియాన్ ఖాప్ చౌధరీ పాగా ఆయన తలకెక్కింది. 1988లో లక్షలాది రైతులతో ఢిల్లీ బోట్ క్లబ్‌ను కమ్మేసి రాజీవ్ గాంధీ ప్రభుత్వాన్ని దిగివచ్చేలా చేసింది ఆయనే. 2011 మే 15న ఆయన మరణించాక ఆ పాగా పెద్ద కొడుకు నరేశ్ టికాయత్‌కు దక్కింది. 2020-21లో ఢిల్లీ సరిహద్దుల్లో జరిగిన రైతుల ఉద్యమంలో దేశమంతటికీ పరిచయమైన రాకేశ్ టికాయత్ ఆయన తమ్ముడు. ఎంత పేరు వచ్చినా పాగా మాత్రం అన్నదే.

సిసౌలీలో పాగాతో పాటు పొలం ఉంది, ఖాప్ ఉంది, ఉద్యమం ఉంది. జియా సరాయ్‌లో పాగా కింద ఉన్నది నాలుగంతస్తుల ఇల్లు, ఇరవయ్యో ముప్ఫయ్యో గదులు, నెలనెలా వచ్చే అద్దె. పాగాను ముక్కలు చేయలేరు. అద్దెను చేయవచ్చు. అందుకే ఇలాంటి ఊళ్లలో పదమూడో రోజు సాయంత్రానికల్లా పాగా చుట్టే సంప్రదాయం ముగిసి లెక్కలు మొదలవుతాయి.

మామూలుగా జరిగేది అంతస్తుల పంపకం. పెద్దవాడికి కింది వాటా, చిన్నవాడికి పై వాటా, నడిమివాడికి నడిమిది. తల్లి ఎవరి దగ్గర ఉంటే వారికి ఒక గది అద్దె అదనం. చౌపాల్‌లో పెద్దలు కూర్చుని చెబుతారు, అందరూ తలూపుతారు. కాగితం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ముందు నుంచీ ఉన్న సమస్య అదే. లాల్ డోరాలో సాధారణంగా ఊరి నివాస స్థలం మొత్తానికీ రెవెన్యూ రికార్డులో ఒకే ఖస్రా నంబరు ఉంటుంది. ఫలానా గజాలు ఫలానా వారివని విడివిడిగా రాసి ఉండదు. పెద్దాయన బతికున్నంత కాలం దస్తావేజు అవసరమే రాలేదు. ఆ ఇల్లు ఆయనదని ఊరంతటికీ తెలుసు. ఆయనే దస్తావేజు. ఆయన పోవడంతో అదీ పోయింది.

ఆడపిల్ల సంతకం

ఈ తలూపుడులో కూతుళ్లు ఎక్కడున్నారు? చాలాకాలం ఎక్కడా లేరు. ఢిల్లీ భూసంస్కరణల చట్టం, 1954లోని 50వ సెక్షన్ ప్రకారం సాగుభూమి వారసత్వంలో తొలి చోటు మగ సంతానానిదే. ఇళ్ల విషయంలో 1956 నాటి హిందూ వారసత్వ చట్టం కూతురికి వాటా ఇస్తూనే 23వ సెక్షన్‌తో ఒక మెలిక పెట్టింది. కుటుంబం కాపురముంటున్న ఇంట్లో వాటా పంచమని ఆమె అడగరాదు. మగ వారసులు తమకు తాముగా పంచుకుందామనుకున్నప్పుడే ఆమె మాట చెల్లుతుంది. అప్పటిదాకా ఆగాలి. పెళ్లి కాకపోతేనో, భర్త వదిలేస్తేనో, వితంతువైతేనో ఆ ఇంట్లో తలదాచుకునే హక్కు మాత్రం ఉండేది.

ఈ విషయంలో తెలుగునాడు దేశానికి ఇరవయ్యేళ్లు ముందుంది. ఎన్.టి.రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. అప్పటికే పెళ్లయినవారికి అది వర్తించలేదు. చట్టం వచ్చినంత మాత్రాన కోస్తాలోనో తెలంగాణలోనో అన్నదమ్ములు పిలిచి మరీ పంచిచ్చారనుకుంటే అమాయకత్వమే. కట్నంతోనే లెక్క చెల్లయిపోయిందన్న వాదం ఇప్పటికీ వినిపిస్తుంది. అయినా అడగడానికి ఆమె చేతిలో ఒక చట్టమంటూ ఉంది. ఢిల్లీ ఆడపిల్లకు ఆ హక్కు 2005 సెప్టెంబరు 9న గానీ రాలేదు. అదే రోజుతో 23వ సెక్షన్ కూడా చట్టంలోంచి మాయమైంది. సాగుభూమి విషయంలోనూ ఆ సవరణే చెల్లుతుందని ఢిల్లీ హైకోర్టు 2010లో చెప్పింది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. సవరణ అమల్లోకి వచ్చేనాటికి తండ్రి బతికి ఉంటేనే కూతురికి ఈ హక్కు వర్తిస్తుందని 2015లో ఫూలవతి కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. తండ్రి 2005 సెప్టెంబరు 8న పోతే ఒక న్యాయం, 10న పోతే మరో న్యాయం! తండ్రి మరణ ధ్రువపత్రంలోని తేదీ కూతురి బతుకును తేల్చిన విచిత్రమైన కాలమది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది. హక్కు పుట్టుకతో వచ్చింది కాబట్టి తండ్రి ఎప్పుడు పోయాడన్నదానితో నిమిత్తం లేదని తేల్చింది. అంతేకాదు, ఎప్పుడో నోటిమాటగా పంచేసుకున్నామని చెప్పి కూతురిని పక్కన పెట్టే వాదనను మామూలుగా అంగీకరించరాదని, ప్రభుత్వ రికార్డుల్లాంటి బలమైన ఆధారం ఉన్న అరుదైన సందర్భాల్లోనే దాన్ని పరిశీలించాలని కూడా చెప్పింది. చౌపాల్‌లో తలలూపి పంచుకున్న అంతస్తులకు ఈ ఒక్క మాట ఎంత పెద్ద దెబ్బో వేరే చెప్పనక్కర్లేదు.

అందుకే తెరహ్వీకి వచ్చిన ఆడపడుచు ముందుకు ఇప్పుడు ఒక కాగితం వస్తోంది. నా వాటా నా అన్నదమ్ములకు వదులుకుంటున్నాను అని దాని సారాంశం. పుట్టింటి గుమ్మం తెరిచి ఉండాలంటే సంతకం పెట్టాలి. పెడితే అన్న రాఖీకి ఎదురుచూస్తాడు, ఆమె పిల్లల పెళ్లిళ్లకు మేనమామ కానుక 'భాత్' పట్టుకుని వస్తాడు. పెట్టకపోతే కోర్టు. ఉత్తరాది ఆడపిల్లలు ఎక్కువమంది సంతకం పెట్టడానికి కారణం హక్కు తెలియకపోవడం కాదు, దాని ఖరీదు తెలియడం. తండ్రి కష్టాన్ని చిన్నప్పుడు కళ్లారా చూసింది, ఆయనకు అన్నం మూట మోసుకెళ్లింది, గోడలకు నీళ్లు పట్టింది ఆమె కూడా. ఆ ఇంట్లో ఆమెకు మిగిలేది గోడ మీది పటంలో ఉన్న నాన్న.

పంచుకున్నాక

పంపకం సజావుగా సాగిన ఇళ్లలోనూ మరో బెడద ఉంది. నాలుగంతస్తుల ఇంటికి నలుగురు యజమానులైతే మెట్లెవరివి? నీళ్ల ట్యాంకు ఎవరిది? పగిలిన మురుగు గొట్టం బాగు చేయించేదెవరు? పెద్దాయన ఉన్నప్పుడు పైకప్పు కారితే తానే తారు పూసేవాడు. ఇప్పుడు కింది వాటా వాడికి పైకప్పుతో పనిలేదు, పై వాటా వాడికి పునాదితో పనిలేదు. గీత లోపలి మినహాయింపు పుణ్యమా అని ఎన్నడూ తనిఖీ ఎరగని భవనాలివి. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో ఢిల్లీలో సీలింగ్ జరిగినప్పుడు ఇలాంటి ఊళ్లు గడగడలాడాయి. కేంద్రం ప్రత్యేక చట్టం తెచ్చి రక్షణ కల్పించింది. ఆ రక్షణను అప్పటి నుంచీ పొడిగిస్తూనే ఉంది. 2023 డిసెంబరులో చేసిన పొడిగింపు గడువు 2026 డిసెంబరు 31. ఇల్లు కూల్చరన్న హామీ దొరికింది కానీ ఇల్లు కూలదన్న హామీ ఎవరిస్తారు?

2024 జూలై 27న ఓల్డ్ రాజేంద్ర నగర్‌లో కోచింగ్ సెంటర్ సెల్లార్‌లోకి వాననీరు ముంచెత్తి ముగ్గురు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయినప్పుడు నగరం కొన్నాళ్లు ఉలిక్కిపడింది. అది లాల్ డోరా ఊరు కాదు, ప్లాన్లూ నిబంధనలూ ఉన్న కాలనీ. పిల్లల్ని ఢిల్లీ పంపే తల్లిదండ్రులు కోచింగ్ ఫీజు గురించి నాలుగుచోట్ల వాకబు చేస్తారు. గదికి రెండో దారి ఉందా అని అడిగేవారు అరుదు.

ఇదేదో ఢిల్లీ గొడవ అని తోసిపారేయడానికి వీల్లేదు. హైటెక్ సిటీ వచ్చాక మాదాపూర్, కొండాపూర్ పాత ఊళ్లలో ఇలాగే హాస్టళ్లు లేచాయి. అమరావతి కోసం 2015లో 29 గ్రామాల రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూమిని సమీకరణలో ఇచ్చారు. మెట్టకు ఎకరాకు 30 వేలు, జరీబుకు 50 వేలు చొప్పున ఏటా పెరిగే కౌలును తొలుత పదేళ్లకు ఒప్పుకున్నారు. సంతకాలు పెట్టిన పెద్దల్లో కొందరు రాజధానిని చూడకుండానే కన్నుమూశారు. నాగలి పట్టిన చేతులు పోయాక ప్లాటు కాగితం పట్టిన చేతుల మధ్య జరిగే లెక్కలు అక్కడా ఉంటాయి. తేడా ఒక్కటే. అక్కడ కాగితం ఉంది, పొలం పోయిన ఆరు దశాబ్దాల తర్వాత కూడా జియా సరాయ్‌లో చాలా ఇళ్లకు అదీ లేదు. గ్రామాల్లో నివాస స్థలాలను డ్రోన్లతో కొలిచి హక్కు పత్రాలివ్వడానికి కేంద్రం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకం ప్రకటించింది. కానీ అది పల్లెల కోసం ఉద్దేశించింది. నగరం ఎప్పుడో మింగేసిన పల్లె ఏ లెక్కలోకి వస్తుంది?

కోచింగ్ తీరు కూడా మారుతోంది. కొవిడ్ కాలంలో ఖాళీ అయిన గదులు మళ్లీ నిండినా చదువులో సగం ఫోన్‌లోకి వెళ్లిపోయింది. 2018 మే నెలాఖరులో మెజెంటా లైన్ మీద ఐఐటీ స్టేషన్ తెరుచుకున్నాక దూరంగా ఉండి వచ్చిపోవడం సులువైంది. కొడుకుల్లో కొందరు ఊరొదిలి ఫ్లాట్లకు మారిపోయి అద్దెల వసూలుకు మనిషిని పెట్టుకున్నారు. అద్దె ఇప్పుడు ఫోన్‌లోనే జమ అవుతుంది. నోట్లు లెక్కపెట్టే వేళ్లతో పనిలేదు. రాత్రి పదింటికి మోటారు కట్టేసేవారూ లేరు. పట్టించుకునేవారు లేక ట్యాంకు పొర్లి సందంతా తడుస్తుంది.

అలాంటి ఇళ్లలో ఆయన పేరు మిగిలిన చోటు సాధారణంగా ఒకటుంది. కరెంటు మీటరు ఇంకొకరి పేరుకు మార్చాలంటే వారసులందరూ అభ్యంతరం లేదని రాసివ్వాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ ఒకచోట చేరి సంతకాలు పెట్టేది ఎప్పుడో తెలియదు. అందాకా మెట్ల కింద ఆ మీటరు తిరుగుతూనే ఉంటుంది, నెలనెలా బిల్లు పెద్దాయన పేరుతోనే వస్తుంది. ఎవరి అంతస్తు వాటా వారు లెక్కగట్టి కట్టేస్తారు.